జేబులోంచి తీసి రాసేదాకా ఎంతసేపు?

ఫలానా పరికరం వ్యాపారానికి పనికొస్తుందా అని ఎవరైనా అడిగితే మన ఇంజనీరింగ్ వాళ్ళం చేసే మొదటి పని స్పెక్ షీట్ తియ్యడం. ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది, స్క్రీన్ ఎలాంటిది. చేతిలో ఇమిడే డిజిటల్ డైరీల విషయంలో ఈ అలవాటు మనల్ని తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. ముందు కొలవాల్సింది సెకన్లు. మాట చెవినపడ్డ క్షణం నుంచి అది పరికరంలో ఎక్కేదాకా ఎన్ని సెకన్లు?

దీనికి పామ్ పైలట్ కన్నా మంచి పాఠం నాకు దొరకలేదు. మనలో చాలామంది పుట్టకముందు సంగతి. 1996లో అమెరికాలో వచ్చింది. చవక మోడల్ ధర 299 డాలర్లు, మెమరీ 128 కేబీ. మన ఫ్యామిలీ గ్రూపుల్లో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో ఒక్కటి కూడా అందులో పట్టదేమో! 160 బై 160 చుక్కల తెర, రంగుల్లేవు. రెండు సన్న పెన్సిల్ సెల్స్ వేస్తే వారాల తరబడి నడిచేది.

అంతకు మూడేళ్ళ ముందే ఆపిల్ న్యూటన్ వచ్చింది. కాగితం మీద చూస్తే అదే గొప్పది. మీరు మీ చేతిరాతలో ఎలా రాసినా చదువుకుంటానంది. మొదట్లో సరిగ్గా చదవలేక నవ్వులపాలైంది, దాని మీద పత్రికల్లో కార్టూన్లు కూడా పడ్డాయి. పైగా చొక్కా జేబులో పట్టదు. 1998లో ఆపిల్ దాన్ని ఆపేసింది. పైలట్ మాత్రం లక్షల్లో అమ్ముడుపోయింది.

ఎందుకు? పైలట్‌ని రూపొందించిన జెఫ్ హాకిన్స్ మొదట సర్క్యూట్ గియ్యలేదు. ఒక చెక్క ముక్కని కోసి, జేబులో వేసుకుని తిరిగాడు. ఎవరైనా మీటింగ్ అంటే ఆ చెక్కని బయటికి తీసి అందులో తేదీ చూస్తున్నట్టు నటించేవాడు. చూసేవాళ్ళకి పిచ్చిగా అనిపించి ఉంటుంది గానీ, అసలైన టెస్టింగ్ అదే కదా. ఆ తర్వాత వచ్చిన పరికరానికి కింద నాలుగు మీటలు: క్యాలెండర్, ఫోన్ నంబర్లు, చెయ్యాల్సిన పనులు, నోట్స్. ఆఫ్‌లో ఉన్నా సరే, మీట నొక్కితే ఆన్ అయి నేరుగా ఆ పేజీయే తెరుచుకుంటుంది. చేతిరాత విషయంలోనూ తెలివైన బేరం కుదుర్చుకుంది. యంత్రం మన రాత నేర్చుకోవడం కాదు, మనమే దాని గ్రాఫిటీ లిపి కాస్త నేర్చుకోవాలి. ఇంగ్లీషు 'ఏ'కి మధ్య అడ్డగీత తీసేస్తే చాలు, అలాంటివి. కొద్దిపాటి సాధనతో చెయ్యి తిరుగుతుంది.

వ్యాపారస్తుడికి ఇంకో భయం ఉంటుంది, రాసింది పోతుందేమోనని. పైలట్‌ని స్టాండులో పెట్టి ఒక్క మీట నొక్కితే కంప్యూటర్‌తో లెక్క సరిచూసుకునేది. ఒకే ఎంట్రీని ఇక్కడా అక్కడా వేర్వేరుగా మార్చి ఉంటే, తన ఇష్టమొచ్చినట్టు ఒకటి చెరిపెయ్యదు, రెండూ ఉంచుతుంది. 40 చీరలా 60 చీరలా అన్నది తేల్చాల్సింది మనిషి.

చీరలంటే గుర్తొచ్చింది. మా పెదనాన్నది విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బట్టల కొట్టు. ఖరీదైన ఫోన్ ఉంది, అందులో లెక్కల యాప్ ఉంది. అయినా ఆర్డర్ మాత్రం జేబులోని చిన్న పుస్తకంలోనే రాస్తాడు. ఎందుకని అడిగితే, "ఫోన్ లాక్ తీసి, యాప్ తెరిచి, పార్టీ పేరు వెతికేలోపు పార్టీ పక్క కొట్లోకి పోతాడురా" అన్నాడు. పైగా ఆయన రాసేది తెలుగులో, అదీ సగం సొంత గుర్తులతో. ఇది చాదస్తం అని మా అన్నయ్య అంటాడు. నాకలా అనిపించదు. ఆ పుస్తకం రెండు సెకన్లలో తెరుచుకుంటుంది.

అలాగని పైలట్‌ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. సెల్స్ పూర్తిగా అయిపోయాక పట్టించుకోకపోతే లోపలున్నదంతా పోయేది. రహస్యం అని గుర్తు పెట్టిన ఎంట్రీలు తెర మీద కనపడవంతే, లోపల వాటికి ఎన్‌క్రిప్షన్ లేదు. ఖాతాదారుల బాకీలు రాసుకునేవాడికి ఇది చిన్న లోపం కాదు. తెలుగు సంగతి సరేసరి. మన భాషల కోసం, చవగ్గా, బెంగళూరులో ఐఐఎస్సీ ఆచార్యులూ ఎన్‌కోర్ ఇంజనీర్లూ కలిసి సింప్యూటర్ తయారుచేశారు. స్మార్ట్ కార్డు పెడితే ఒక్క పరికరాన్నే పదిమంది వంతులవారీగా వాడుకోవచ్చన్నది మంచి ఆలోచన. కానీ మార్కెట్లో నిలబడలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన ప్రాజెక్ట్ ఎక్స్‌పోలో ఏటా రెండు మూడైనా 'షాప్ మేనేజ్‌మెంట్' యాప్‌లు కనిపిస్తాయి. డ్యాష్‌బోర్డు, గ్రాఫులు, లాగిన్ పేజీ, అన్నీ ఉంటాయి. మార్కులు కూడా ఫీచర్లు లెక్కపెట్టే వేస్తున్నారు. ఈసారి జడ్జీలకి నా విన్నపం ఒకటే. ఒక స్టాప్‌వాచ్ తెచ్చుకోండి. ఫోన్‌ని జేబులో పెట్టించి, "సుబ్బారావు గారికి 12 జతలు, శనివారానికి" అని ఒక్కసారి చెప్పండి. నెట్ కూడా ఆపేసి. అది తెలుగులో ఎక్కేదాకా ఎంతసేపు పట్టిందో మార్కుల షీట్‌లో మొదటి గడిలో రాయండి. పోటీకి మా పెదనాన్న చిన్న పుస్తకం నేను తెస్తాను, ఆయన ఇస్తే.