పునాదికి దగ్గరగా ఒక గోదాము

పుదుచ్చేరిలో ఇల్లు లేచేది చాలావరకు పొరుగు రాష్ట్రపు సరుకుతోనే. కంకర విల్లుపురం జిల్లా వానూరు వైపు క్వారీల నుంచి వస్తుంది. ఇసుక, ఇటుక కూడా ఎక్కువగా సరిహద్దు అవతలివే. సిమెంటు అరియలూరు వంటి చోట్ల తయారై లారీ ఎక్కుతుంది. పట్టణానికి ఒకవైపు సముద్రం, మిగతా వైపులన్నీ తమిళనాడు. పుదుచ్చేరి జిల్లా కూడా ఒకే ముక్కగా లేదు, తమిళనాడు గ్రామాల నడుమ తునకలు తునకలుగా ఉంది. ఇలాంటి చోట ఇంటి ఖర్చు లెక్క వేసేటప్పుడు దారి ఖర్చును పక్కన పెట్టలేం.

పెద్ద బిల్డరుకు ఈ దూరం అంత బరువు కాదు. కంపెనీకే నేరుగా ఆర్డరిచ్చి లారీలకు లారీలు దించుకుంటాడు. దించుకున్నది దాచుకోవడానికి షెడ్డు ఉంటుంది. ముదలియార్‌పేటలోనో, లాస్‌పేటలోనో చిన్న జాగాలో ఇల్లు కట్టుకుంటున్న ఆటో డ్రైవరుకో, చేపలమ్ముకునే ఇల్లాలికో ఆ వీలెక్కడిది? వాళ్ల ఇల్లు విడతలు విడతలుగా లేస్తుంది. పునాదికి కొన్ని బస్తాలు, గోడలకు మరికొన్ని, స్లాబు నాటికి ఇనుము. ప్రభుత్వ సాయమూ విడతల్లోనే వస్తుంది. అది చేతికందే లోపు కొట్లో అరువు తెచ్చుకోవాల్సిందే. అరువుకు తెచ్చుకునే మనిషి ధర దగ్గర బేరమాడలేడు. విడత విడతకూ బండి కిరాయి వేరు, దింపుడు కూలి వేరు. సందులో లారీ మళ్లకపోతే సరుకును చిన్న బండిలోకి మార్చి మళ్లీ మోయాలి, మళ్లీ కూలి ఇవ్వాలి. ఇంత చేసీ చివరికి ఆ ఇల్లాలు పెద్ద బిల్డరు కన్నా ఎక్కువ ధరకే బస్తా కొంటుంది.

చవగ్గా ఉన్నప్పుడే కొని దాచుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ సముద్రపు గాలి తగిలే ఊళ్లో సిమెంటు దాచడం తేలిక కాదు. మూడు నెలలు నిల్వ ఉంటే దాని బలంలో ఐదో వంతు దాకా తగ్గిపోవచ్చని ఇంజినీరింగ్ పుస్తకాలు చెబుతాయి. నేల తగలకుండా చెక్కల మీద, గోడకు ఆనకుండా, పది బస్తాల ఎత్తు మించకుండా పేర్చాలి. ఒక్క గదిలో కుటుంబమంతా పడుకునే ఇంట్లో ఆ చోటు దొరకదు. పేదవాడు పోగొట్టుకుంటున్నది ఈ నిల్వ దగ్గరే. ఇక్కడ చేయూతనివ్వాల్సింది ప్రభుత్వమే.

దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. సరిహద్దు దాటగానే తమిళనాడులో 2015 జనవరిలో అమ్మ సిమెంట్ పథకం మొదలైంది. బయట బస్తా మూడు వందలు దాటి పలుకుతున్న రోజుల్లో 190 రూపాయలకు ఇచ్చారు. ప్రైవేటు కంపెనీల నుంచే నెలకు 2 లక్షల టన్నులు కొని అమ్మాలన్నది ప్రణాళిక. వంద చదరపు అడుగులకు 50 బస్తాల చొప్పున, 1,500 చదరపు అడుగుల ఇంటికి 750 దాకా పరిమితి పెట్టారు. అందులో మెచ్చుకోదగ్గ సంగతి ధర కన్నా మరొకటుంది. అమ్మకానికి పౌర సరఫరాల సంస్థ, గ్రామీణాభివృద్ధి శాఖల గోదాములు సుమారు 470 వాడుకున్నారు. ఊళ్లకు అందుబాటులో అప్పటికే ఉన్న కప్పుల కిందకే సిమెంటు చేరింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గరి కొమరగిరిలో ఇళ్ల స్థలాల పంపిణీ ప్రారంభమయ్యాక, కట్టుకునేవారికి 20 టన్నుల ఇసుక ఉచితంగా, సిమెంటు, ఇనుము తక్కువ ధరకు గృహనిర్మాణ సంస్థ గోదాముల ద్వారా ఇచ్చారు. అయితే చాలా లేఅవుట్లు ఊళ్లకు దూరంగా ఉండటంతో ఆదా అయినదాంట్లో కొంత మళ్లీ రవాణాకే పోయింది. గోదాము ఎంత దగ్గరగా ఉందన్నది ఎంత తక్కువకు ఇస్తున్నారన్నంత ముఖ్యం. పుదుచ్చేరి నేర్చుకోవాల్సిన పాఠం ఇదే.

పుదుచ్చేరికి కప్పులు కరవు కాదు. 1898లో పుట్టిన ఆంగ్లో ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ మిల్లు 2020 ఏప్రిల్ 30తో మూతపడింది. కడలూరు రోడ్డులో రైలు గేటు పక్కనే, పట్టణం నడుమ, దాని విశాల ప్రాంగణం ఉంది. అందులో ఒక మూల బాగుచేసినా ఒక గోదాముకు చాలు. బియ్యానికి బదులు ఖాతాలో డబ్బు వేసిన కాలంలో మూతపడిన రేషన్ దుకాణాలు 2024 అక్టోబరులో మళ్లీ తెరుచుకున్నాయి. డబ్బు ఇచ్చినంత మాత్రాన సరుకు ఇచ్చినట్టు కాదని ఆ కాలం చూసిన ఇల్లాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఇంటి సాయం విషయంలోనూ అంతే. ఖాతాలో పడిన సొమ్ముతో పాటు, ఆ సొమ్ముకు తగిన ధరలో సరుకు దొరికే చోటు కూడా కావాలి.

గోదాములో సిమెంటు ఒక్కటే ఉంచాలనేం లేదు. పట్టణానికి దగ్గర్లోనే ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ 1989 నుంచి మట్టి ఇటుకలపై పనిచేస్తోంది. ఎర్రమట్టిలో దాదాపు 5 శాతం సిమెంటు కలిపి, యంత్రంతో నొక్కి, బట్టీలో కాల్చకుండా చేసే ఇటుకలవి. వాటితో కట్టిన ఆరోవిల్ సందర్శకుల కేంద్రానికి 1992లో పేదల వాస్తుకళకిచ్చే హసన్ ఫతీ పురస్కారం దక్కింది. నేలలోనే ఉన్న సరుకుకు లారీ కిరాయి ఎంతవుతుంది! మట్టి ఇటుకలు నొక్కే యంత్రాలను గోదాము అద్దెకిచ్చినా చాలామంది గోడల ఖర్చు దిగుతుంది.

2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరిలో ఒక్క రోజులో 46 సెంటీమీటర్లకు పైగా వాన కురిపించింది. వరదలకు విల్లుపురం, కడలూరు వైపు రోడ్లు తెగాయి. అలాంటప్పుడు ఇల్లు కూలినవాళ్లు సరుకు కోసం ఎటు పోతారు? ఊరిలోనే నిల్వ ఉంటే మరమ్మతు మర్నాడే మొదలుపెట్టుకోవచ్చు.

భయాలూ లేకపోలేదు. తక్కువ ధర బస్తా పక్కదారి పడుతుందనేది మొదటిది. మంజూరైన ప్లానును బట్టి, కట్టుబడి ఏ దశలో ఉందో చూసి ఇస్తే దాన్ని చాలావరకు ఆపవచ్చు. రెండోది చిన్న కొట్ల వాళ్ల బతుకు. ఇన్నాళ్లూ పేదకు అరువిచ్చింది వాళ్లే, వాళ్లను తోసిపుచ్చకూడదు. గోదాము నుంచి ఇంటి గుమ్మానికి సరుకు చేర్చే పని కమీషను మీద వాళ్లకే ఇవ్వడం న్యాయం. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆ తగ్గింపు ఎక్కడా చిక్కుకోకుండా చివరి కొనుగోలుదారు దాకా చేరడానికీ ఇలాంటి గోదాము పనికొస్తుంది.

పుదుచ్చేరి పాలనలోనే ఉన్న మన యానాంనూ మరవకూడదు. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరి నుంచి అక్కడికి నిర్ణయాలు వెళతాయి, సిమెంటు మాత్రం పక్కనున్న కాకినాడ దారిలోనే రావాలి. ప్రభుత్వం వచ్చే బడ్జెట్‌లో పుదుచ్చేరి పట్టణంలో ఒకటి, యానాంలో ఒకటి గృహనిర్మాణ గోదాములకు నిధులు కేటాయించాలి. వచ్చే ఈశాన్య రుతుపవనాల లోపు వాటి తలుపులు తెరవాలి.