మగ్గం గుంటలో కూర్చున్నవాడే నేతగాడా?

ఆగస్టు 7 వచ్చిందంటే చాలు, చేనేత దినోత్సవం వేదికల మీద చింతకింది మల్లేశం కథ వినపడాల్సిందే. ఆరో తరగతితో బడి మానేసిన కుర్రాడు తల్లి భుజాల నొప్పి చూడలేకపోయాడు. ఏళ్ల తరబడి ఒక్కడే తిప్పలు పడి యంత్రం కనిపెట్టాడు. తల్లి కష్టం తీర్చాడు, పద్మశ్రీ అందుకున్నాడు. చప్పట్లు. ఆ వెంటనే ఇంకో వక్త లేచి నేతన్న శ్రమకు దణ్ణం పెట్టి కూర్చుంటాడు.

ఈ కథలో ఏ ముక్కకా ముక్క నిజమే. మొత్తంగా చూస్తే మాత్రం కథ తప్పు. ఎందుకంటే ఇందులో ఆ తల్లి నొప్పి కనపడుతుంది గానీ, ఆమె పని కనపడదు. నొప్పి పడింది గనక ఆమె జాలిపడాల్సిన మనిషైంది. పనిచేసింది గనక ఆమె నేత కార్మికురాలని ఎవరూ అనరు. నేను ఖండిస్తున్నది ఈ చెప్పే తీరునే. మల్లేశంతో నాకు పేచీ లేదు. ఆయన తన యంత్రానికి తల్లి పేరే పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం. కొడుక్కి తెలిసిన సంగతి సన్మానాలు చేసేవాళ్లకే తెలియలేదు.

అసలు ఆసు పోయడమంటే ఏమిటో తెలియకుండా ఈ కథ వింటే, అదేదో వంటింటి పక్కన చేసే చిల్లర పని అనుకుంటాం. యాదాద్రి జిల్లా ఆలేరు దగ్గరి శారాజీపేటలో, పోచంపల్లిలో, పుట్టపాకలో నేసే చీరలకు రంగులు నేతలో రావు. నేతకు ముందే నూలుకు ఎక్కుతాయి. డిజైను ఎక్కడ పడాలో లెక్కచూసి, పోగుల్ని కట్టలుగా సర్ది, రంగు అంటకూడని చోట చిటికి కట్టి, రంగులో ముంచుతారు. ఆ కట్టలు సర్దడానికి ముందు పేక నూలంతా అర్ధచంద్రాకారంలో మేకులు దిగ్గొట్టిన చట్రం మీద పోసుకోవాలి. ఆసు పోయడమంటే ఇదే. చట్రం ఈ కొసన ఒక మేకు, ఎదురుగా వంపు పొడుగునా వరసగా మేకులు. చెయ్యి ఇక్కణ్ణుంచి అక్కడికి, అక్కణ్ణుంచి ఇక్కడికి తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు. చీరకు నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే 18,000 సార్లు. మధ్యలో లెక్క తప్పితే, పోగు బిగువు ఒకచోట ఎక్కువై ఇంకోచోట తగ్గితే, చీరలో పువ్వు పువ్వులా రాదు. అంచు చెదురుతుంది. నేసేవాడు ఎంత మొనగాడైనా దాన్ని సరిచెయ్యలేడు.

మరి ఈ పనికి మనం పెట్టుకున్న పేరేమిటి? సాయం. “ఆయన నేస్తాడు, ఆమె సాయం చేస్తుంది.” చీర డిజైను నిలబడేదీ చెడేదీ ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి సాయానికి వచ్చిన మనిషైపోయింది. ఆమెతోపాటు కండెలు చుట్టే కూతురు, పడుగు సాగదీసేటప్పుడు రెండో కొసన నిలబడే ముసలి అత్త, ఇళ్లల్లోనే గంజి కాచి పెట్టే కోడలు, అందరూ సాయమే. గుంటలోకి దిగి నాడె ఆడించేవాడు ఒక్కడే నేతగాడు. మా నూజివీడు వైపు కూడా ఇదే లెక్క. మామిడి తోట పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే ఆయనే రైతు. కోతల వేళ కాయ ఏరి, గడ్డి పరిచి, పెట్టెల్లో సర్దే ఆడవాళ్లు ఆ తోట చరిత్రలో ఎక్కడా ఉండరు.

లెక్కలు కావాలంటే అవీ ఉన్నాయి. 2019–20 అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత మీద ఆధారపడి పనిచేసేవాళ్లు 35.22 లక్షల మంది. అందులో నేసేవాళ్లు 26.73 లక్షలు, అనుబంధ పనులు చేసేవాళ్లు 8.48 లక్షలు. మొత్తంలో నూటికి డెబ్బైమందికి పైగా ఆడవాళ్లే. దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది: అది ఈశాన్య రాష్ట్రాల లెక్క, అక్కడ ఇంటింటా ఆడవాళ్లే నేస్తారు, మన దగ్గర మగ్గం మగవాడిదే అని. అభ్యంతరం సగం నిజం. ఈశాన్యంలో మగ్గాలు ఎక్కువ, నేసేదీ ఆడవాళ్లే. మిగతా సగం మాటేమిటి? మన దగ్గర మగ్గం మీద మగవాడు కూర్చున్నాడంటే, ఆ మగ్గానికి నూలు అందించడానికి ఇంటిల్లిపాదీ ఆసులో కండెలా తిరగబట్టే కూర్చున్నాడు. ఆ తిరుగుడు ఆగిన రోజున మగ్గమూ ఆగుతుంది. మల్లేశం ఇంటికి వచ్చిన ముప్పు అదే. తల్లి భుజం ఆగిపోతే ఇంటి నేతే ఆగిపోతుంది.

“ఒక్కడే” అనే మాటను కూడా కాస్త తట్టి చూడాలి. 1992లో మొదలుపెట్టిన యంత్రం 1999లో గానీ పూర్తికాలేదు. మధ్యలో డబ్బులైపోయాయి, ఊళ్లో వెక్కిరింతలు పడ్డాయి, ఆయన బతుకుతెరువుకు హైదరాబాద్ వెళ్లారు. బాలానగర్‌లో ఒక కర్మాగారంలో పనికి వెళ్లినప్పుడు అక్కడి యంత్రం కదలిక చూస్తే, తనకు మిగిలిపోయిన ఆఖరి చిక్కు విడిపోయింది. ఆయన పట్టుదలను ఎవరు కాదంటారు? కానీ ఆ యంత్రం అనుకరించింది ఏ చేతిని? ఏ మేకు తర్వాత ఏ మేకు, పోగు ఎంత బిగువు, ఎక్కడ ఎన్ని చుట్లు, ఇదంతా ఏ ఇంజనీరింగ్ పుస్తకంలోనూ లేదు. లక్ష్మి గారి చేతుల్లో ఉంది. 2019లో వచ్చిన ‘మల్లేశం’ సినిమా ఆ భుజాన్ని చూపించింది, మెచ్చుకోవాలి. ఆ చేతి విద్యను మాత్రం మన ఉపన్యాసాలు ఇప్పటికీ అమ్మ ప్రేమ ఖాతాలోనే జమ వేస్తున్నాయి.

ఈ అలవాటు మనకొక్కరికే కాదు. ఇంగ్లండులో లాంకషైర్ పల్లెపట్టున, స్టాన్‌హిల్‌లో జేమ్స్ హార్‌గ్రీవ్స్ అనే నేతగాడు ఉండేవాడు. 1764 ప్రాంతంలో ఒక్క చక్రంతో ఎనిమిది కదుళ్లు తిప్పే రాట్నం చేశాడు. స్పిన్నింగ్ జెన్నీ అదే. జెన్నీ ఆయన కూతురనీ, ఆ పిల్ల రాట్నాన్ని పడదోస్తే అది పడిపోయి కూడా తిరుగుతుండటం చూసి ఆయనకు ఆలోచన తట్టిందనీ పిల్లలకు చెబుతుంటారు. ముచ్చటైన కథే. ఆయన భార్య పేరు ఎలిజబెత్. చర్చి రిజిస్టర్లు తిరగేస్తే కూతుళ్లలో జెన్నీ ఎవరూ లేరు. లేని పిల్ల పేరు అందరికీ తెలుసు. ఆ రోజుల్లో ఒక్క మగ్గానికి నూలు అందించాలంటే కొన్ని రాట్నాలు ఆగకుండా తిరగాలి, వాటి ముందు కూర్చున్నది ఆడవాళ్లూ పిల్లలూ. 1733లో జాన్ కే ఎగిరే నాడె తెచ్చాక నేత వేగం పెరిగి ఆ బరువు ఇంకా పెరిగింది. ఆ ఆడవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. 1768లో చుట్టుపక్కల జనం హార్‌గ్రీవ్స్ యంత్రాలు పగలగొడితే ఆయన నాటింగ్‌హామ్ వెళ్లిపోయాడు. 1770లో పేటెంటు తీసుకున్నా అది నిలవలేదు. ఆ తర్వాత వడుకుడు పని ఇళ్లు దాటి మిల్లులకు పోయింది. కొన్ని దశాబ్దాలకు అక్కడి చేతిమగ్గాలూ పడిపోయాయి. ఆ మిల్లు బట్టే ఓడలెక్కి మన కోస్తాకు వచ్చి ఇక్కడి నేతగాళ్ల పొట్ట కొట్టింది.

ఇది విన్నవాళ్లు మరి ఆసు యంత్రమూ అంతేనా అని అడగొచ్చు. కొందరు అడుగుతున్నారు కూడా, యంత్రం వాడితే అది చేనేత ఎలా అవుతుందని. ఈ వాదనకు ఎక్కువ సమయం ఇవ్వనక్కర్లేదు. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం దృష్టిలో మరమగ్గం కానిదల్లా చేతిమగ్గమే. ఆసు యంత్రం అసలు మగ్గమే కాదు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దించింది, చీర మాత్రం చేతిమగ్గం మీదే నేస్తున్నారు. పోచంపల్లికి హాని చేస్తున్నవి ఆ డిజైన్లను మిల్లు బట్ట మీద అచ్చుగుద్ది అమ్మే చీరలు. చేనేత స్వచ్ఛత గురించి బెంగపడేవాళ్లు ముందు తాము కొన్న చీరను తిరగేసి చూసుకుంటే మంచిది. రంగు వెనకవైపుకు కూడా ముందువైపులాగే దిగిందా లేదా అన్నది కళ్లకే తెలుస్తుంది.

యంత్రం బయటపెట్టిన అసలు సంగతి వేరే ఉంది. దాన్ని కొన్నవాళ్లు ఇరుగుపొరుగు మగ్గాలకు కూడా ఆసు పోసి, చీరకింత అని కూలి తీసుకోవడం మొదలుపెట్టారు. అంతకుముందు ఆసుకు ఇంట్లో విడిగా ధర లేదు, చీర కూలిలోనే కలిసిపోయేది, ఆ కూలి మగ్గం యజమాని చేతికే వచ్చేది. చెయ్యి చేసినన్నాళ్లు లేని ధర మోటారు రాగానే వచ్చింది. అంటే ఆ పనికి విలువ మొదటినుంచీ ఉంది, ఇవ్వాల్సింది ఎవరికో ఒప్పుకోవడానికే మనసు లేకపోయింది.

ప్రభుత్వాలదీ ఇదే దారి. 2019 డిసెంబరులో ధర్మవరంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన నేతన్న నేస్తం ఏడాదికి 24,000 రూపాయలిచ్చింది. ఎవరికి? సొంత మగ్గం ఉన్న కుటుంబానికి, ఇంటికొక్కరికి. డబ్బు అందినవాళ్లకు అది ఆసరానే, కాదనను. కానీ షావుకారు షెడ్డులో కూలికి నేసేవాడు అందులో లేడు. సొంత మగ్గం లేకుండా పది ఇళ్లకు కండెలు చుట్టి బతికే ఒంటరి ఆడమనిషి అసలే లేదు. చెక్కా తాడూ లబ్ధికి అర్హత, ఆమె రెండు చేతులూ కాదు.

అవార్డుల సంగతీ అంతే. తెలంగాణ నేత నుంచి పద్మశ్రీ అందుకున్నవారు గజం గోవర్ధన, గజం అంజయ్య, చింతకింది మల్లేశం. ముగ్గురూ తగినవారే. ముగ్గురిళ్లలోనూ ఆసు, చిటికి, కండెలు లేకుండా ఒక్క చీరా దిగలేదు.

కనుక నేత సహకార సంఘాలను, చేనేత శాఖను అడిగేది ఇది. మగ్గానికో పేరు రాసే పద్ధతి ఆపండి. ఇంట్లో ఆసు పోసేవాళ్లు, చిటికి కట్టేవాళ్లు, కండెలు చుట్టేవాళ్లు, నేసేవాళ్లు, ఎవరి పేరు వారిదిగా సభ్యత్వ పుస్తకంలో ఎక్కించండి. చీర కూలిని ఆసు కూలి, చిటికి కూలి, నేత కూలి అని విడగొట్టి, ఎవరి వాటా వారి ఖాతాలో వేయండి. మగ్గం లేని కార్మికురాలికి మగ్గం ఉన్నవాడితో సమానంగా పథకాల్లో హక్కు ఇవ్వండి. అది జరిగేదాకా లక్ష్మి గారి కష్టం మీద ఉపన్యాసాలు ఇవ్వడానికి మనకెవరికీ అర్హత లేదు.