జోడీ కుదిరితేనే పందెం!

శివరాత్రికి మేళ్లచెరువు జాతర చూసినవాళ్లకు బండలాగుడు పోటీల గురించి వేరే చెప్పక్కర్లేదు. ఒకప్పుడు నల్గొండ జిల్లాలో ఉండి, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలోకి వచ్చిన ఊరది. శంభులింగేశ్వరుడి దర్శనం కాగానే జనం చేరేది బరి దగ్గరికే. కాడికి కట్టిన రెండెడ్లు ఇచ్చిన సమయంలో బండను ఎంత దూరం లాగాయన్నదే లెక్క. తలపండిన రైతు ఎద్దు కండ ఒక్కటే చూడడు. పక్క ఎద్దుతో అడుగు కలుస్తోందా లేదా అని చూస్తాడు. ఒకటి ముందుకు, ఇంకొకటి పక్కకు లాగితే ఎంత బలమున్నా వృథాయే మరి! గెలిచిన జత బరి దాటకముందే బేరాలు మొదలు. 'ఫలానా ఊరాయన లక్షలు పెట్టి కొంటున్నాడట' అన్న గుసగుస పొద్దుగూకేలోపు నాలుగూళ్లు తిరిగొస్తుంది.

కోట్ల రూపాయల కార్ల రేసుల్లోనూ జరిగేది అచ్చం ఇదే. టీముకు రెండు కార్లు, ఇద్దరు డ్రైవర్లు. టీము టైటిల్ లెక్కలో ఇద్దరి పాయింట్లూ కలుస్తాయి. కానీ డ్రైవర్ల టైటిల్ ఒక్కడికే! అక్కడే వస్తుంది చిక్కు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు కదా... ఆ ముచ్చట మన హుస్సేన్‌సాగర్ ఒడ్డునే కళ్లకు కట్టింది.

సాగర తీరాన ఢీ

2023 ఫిబ్రవరి 11, శనివారం. ఎన్టీఆర్ మార్గ్, నెక్లెస్ రోడ్డు పరిసరాల్లో ఫార్ములా-ఈ రేసు. అంతకుముందు మన దేశంలో కార్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీ జరిగింది 2013లో, ఢిల్లీ దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లో. అందుకే పాలమూరు, నల్గొండల నుంచి కూడా కుర్రాళ్ల చూపంతా హైదరాబాద్ మీదే.

ఈ కార్లకు పెట్రోలు ఉండదు, బ్యాటరీయే ప్రాణం. అదేపనిగా వేగంగా పోతే చివరి ల్యాపులకు ఛార్జి మిగలదు. ఎక్కడ తొక్కాలో, ఎక్కడ తగ్గాలో తెలిసినవాడిదే రేసు. ఈ పోటీ జరిగిన మూడు నెలలకే, 2023 మేలో, మహబూబ్‌నగర్ పక్కనున్న దివిటిపల్లిలో అమరరాజా లిథియం బ్యాటరీల పరిశ్రమకు శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి అని అప్పట్లో ప్రకటించారు. రేసు కారు గుండెకాయ పాలమూరుకూ పరిచయమైందన్నమాట.

ఆ రోజు అందరికన్నా ముందు నిలిచి రేసు మొదలుపెట్టింది జాగ్వార్ టీము డ్రైవర్ మిచ్ ఎవాన్స్. న్యూజిలాండ్ కుర్రాడు. జోడీ డ్రైవర్ బ్రిటన్‌కు చెందిన శామ్ బర్డ్. రేసు మధ్యలో, జుట్టుపిన్నులా మెలి తిరిగే మలుపు దగ్గర బర్డ్ బ్రేకు అంచనా తప్పింది. కారు నేరుగా వెళ్లి ఎవాన్స్ కారునే గుద్దింది. జోడెడ్లు ఒకదాన్నొకటి పొడుచుకున్నట్టు అయింది. ఇద్దరూ ఔట్! తప్పు తనదేనని బర్డ్ ఒప్పుకున్నాడు. కానీ పోయిన పాయింట్లు తిరిగి రావు కదా.

రేసును ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఎన్‌విజన్ టీము డ్రైవర్ నిక్ కాసిడీ చివరిదాకా వెంటపడినా దారివ్వలేదు. మూడోస్థానం పోర్షే డ్రైవర్ డా కోస్టాది.

పొగ... నిప్పు...

జూన్‌లో జకార్తాలోనూ అదే కథ. బర్డ్ కారు మళ్లీ ఎవాన్స్ కారుకే తగిలింది. ఇక పుకార్లకు రెక్కలొచ్చాయి. బర్డ్‌ని పంపేస్తారట, కాసిడీని తెస్తారట అని! నిప్పు లేనిదే పొగ రాదన్నట్టు దీనికీ ఓ కారణముంది. ఎన్‌విజన్ కార్లలో ఉన్నది జాగ్వార్ మోటారే. అరువు మోటారుతో అసలు యజమానినే కంగారుపెడుతున్నవాణ్ని ఇంటికే తెచ్చుకుంటే పోలా అనుకోవడంలో వింతేముంది?

ఎవాన్స్ తప్పులూ లేకపోలేదు. జులైలో రోమ్‌లో తనే కాసిడీ కారు మీదికెక్కించి ఇద్దరి ఆశలకూ గండికొట్టాడు. లండన్‌లో కాసిడీకి తన టీము సహచరుడు బ్యూమీ కారే తగిలింది. ఈ గొడవల మధ్య టైటిల్ ఎగరేసుకుపోయింది ఎవరంటే... హైదరాబాద్ నుంచి ఒక్క పాయింటూ లేకుండా వెళ్లిన జేక్ డెన్నిస్! అతనికి 229 పాయింట్లు, కాసిడీకి 199, ఎవాన్స్‌కు 197.

సీజన్ ముగిశాక పుకారే నిజమైంది. కాసిడీ జాగ్వార్‌కు వచ్చాడు. బర్డ్ మెక్‌లారెన్‌కు వెళ్లాడు.

ఆరు పాయింట్ల కథ

అసలు మలుపు ఇక్కడుంది. 2024 మార్చి 16, బ్రెజిల్‌లోని సావోపాలో. గెలుపు ఎవాన్స్ చేతికి అందినట్టే కనిపించింది. చివరి ల్యాపులో ఒకడు దూసుకొచ్చి దాటేశాడు. ఎవరో కాదు, జాగ్వార్ వద్దనుకున్న శామ్ బర్డే!

మొదటి స్థానానికి 25 పాయింట్లు, రెండో స్థానానికి 18. అంటే ఎవాన్స్‌కు పోయినవి ఏడు. ఆ ఏడు లెక్కలో పెట్టుకుని సీజన్ చివరి పట్టిక చూడండి. ఛాంపియన్ పోర్షే డ్రైవర్ పాస్కల్ వెర్లైన్, 198 పాయింట్లు. రెండోవాడు ఎవాన్స్, 192. తేడా ఆరు! లండన్‌లో జరిగిన ఆఖరి రేసులో అదనపు శక్తినిచ్చే 'అటాక్ మోడ్' గీతలను ఎవాన్స్ సరిగా తొక్కలేకపోయాడన్నదీ నిజమే. అయినా సాకిరేవుకు ఇచ్చిన చీరే పండక్కి కావాల్సొచ్చినట్టు, పంపేసిన మనిషి పట్టుకుపోయిన ఏడు పాయింట్లే చివరికి కరువయ్యాయి.

కాసిడీ 176 పాయింట్లతో మూడోస్థానంలో ఆగాడు. జాగ్వార్ జోడీ టీము టైటిల్‌ని తెచ్చింది కానీ, ఇద్దరిలో ఎవరికీ డ్రైవర్ల కిరీటం దక్కలేదు.

హైదరాబాద్ రేసులో మహీంద్రా కారు నడిపిన ఆలివర్ రోలాండ్‌ది ఇంకో దారి. 2023 సీజన్ మధ్యలోనే ఆ టీముకు నమస్కారం పెట్టాడు. తర్వాత నిస్సాన్‌లో చేరి 2024-25 ఛాంపియన్ అయ్యాడు. ఆ సీజన్ తర్వాత కాసిడీ సిట్రోయెన్‌కు వెళ్లిపోతే, ఎవాన్స్‌కు కొత్త జోడీగా డా కోస్టా వచ్చాడు.

పాత పంచాయతీయే

ఇది కొత్త జబ్బేం కాదు. ఫార్ములా వన్‌లో 1988లో మెక్‌లారెన్ జోడీ అలెన్ ప్రోస్ట్, అయర్టన్ సెనా కలిసి 16 రేసుల్లో 15 గెలిచారు. అంతటి జోడీ కూడా 1989 అక్టోబరులో జపాన్‌లోని సుజుకాలో ఒకరినొకరు ఢీకొన్నారు. ఆ ఏడు టైటిల్ ప్రోస్ట్‌కు దక్కింది. మరుసటేడు అతను ఫెరారీ కారెక్కాడు. అంత బలమైన కాడి కూడా రెండేళ్లకే విరిగింది.

2024 ఫిబ్రవరి 10న హైదరాబాద్‌లో జరగాల్సిన రెండో రేసు రద్దయింది. అక్కడ బర్డ్, ఎవాన్స్ కార్లు తగులుకున్న రోడ్డు మీద మళ్లీ ఆర్టీసీ బస్సులు, స్కూటర్లే తిరిగాయి. కానీ రేసుల వార్తలు మన ఇళ్లలోకి రావడం ఆగలేదు. పిల్లలు ఫోన్లో చూసి 'ఫలానా డ్రైవర్ ఫలానా టీముకు వెళ్తాడట నాన్నా' అని చెబుతూనే ఉంటారు.

అప్పుడు 'జీతం ఎంతట?' అని అడిగేవాళ్లే ఎక్కువ. మేళ్లచెరువు బరి దగ్గర నిలబడే రైతునడిగితే మాత్రం మొదట అడిగేది వేరే ఉంటుంది.

'అవతలి ఎద్దేది?'