వేగం కన్నా కొలత మిన్న

యంత్రాన్ని చూసి ముచ్చటపడని యువకుడు అరుదు. మన నిజామాబాదు పట్టణంలో, బోధన్ చెరకు ప్రాంతంలో ఈ ముచ్చట మరికాస్త హెచ్చు. పాత కారు ఇంజను ఒకటి కొని, ఇంటి వసారాలో విప్పి, దానికి టర్బో అమర్చి, నిమిషానికి తొమ్మిది వేల చుట్లు తిప్పాలని కలలు కనే విద్యార్థులు మా మధ్యనే ఉన్నారు. పెద్దలు దీన్ని పిచ్చి అంటారు. మేము అలా అనము. ఈ కోరికలో ఒక గొప్ప విద్య దాగి ఉన్నదనీ, దానికి దారి చూపవలసిన బాధ్యత విద్యాలయాలదేననీ మా అభిప్రాయం.

టర్బో అనగానే అదేదో విదేశీ మాయ అనుకోనక్కరలేదు. ఇంజనులో కాలిన ఇంధనపు శక్తిలో ఇంచుమించు మూడో వంతు పొగగొట్టం గుండా వేడిగా బయటికి పోతుంది. ఆ పొగతోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు రెండో కొసన ఉన్న మరో చక్రంతో గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపడమే టర్బో పని. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంటు పొందాడు. చక్కెర మిల్లు తెలిసిన వారికి ఈ సూత్రం కొత్త కాదు. చెరకు పిప్పిని పారవేయక బాయిలరులో కాలుస్తారు. ఆ ఆవిరితో టర్బైన్లు తిప్పుతారు. టర్బైను నుండి వెలువడిన ఆవిరితో మళ్లీ రసాన్ని మరిగిస్తారు. వ్యర్థమనుకున్న దానితో పని చేయించుకోవడమే రెండింటిలోని నీతి.

అయితే సూత్రం సులభమైనంత మాత్రాన పని సులభం కాదు. 1983లో వెలువడిన మారుతి 800 ఇంజనునే తీసుకుందాము. మూడు సిలిండర్లు, 796 సి.సి., పిస్టన్ కదిలే దూరం 72 మిల్లీమీటర్లు. నిమిషానికి 6,000 చుట్ల వద్ద పిస్టన్ సగటు వేగం సెకనుకు 14.4 మీటర్లు. 9,000 చుట్ల వద్ద అది 21.6 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది గదా అని సంతోషపడరాదు. కనెక్టింగ్ రాడ్డును లాగే బలం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక అది రెండుంపావు రెట్లవుతుంది. అప్పుడు పిస్టన్ సెకనుకు మూడు వందల సార్లు ఆగి వెనుదిరగాలి. వాల్వు సెకనుకు డెబ్బయ్యయిదు సార్లు తెరుచుకొని మూసుకోవాలి. స్ప్రింగు బలహీనమైతే వాల్వు సమయానికి మూసుకోదు, పిస్టన్ వచ్చి దాన్ని తాకవచ్చు.

ఇక ఒత్తిన గాలి వేడెక్కుతుంది. ప్లగ్గు అంటించిన మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. నాకింగ్ అంటే ఇదే. అందుకే గాలిని మధ్యలో చల్లబరచాలి, ఇంధనాన్ని తగినంత పెంచాలి, నిప్పు పడే సమయాన్ని సవరించాలి. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే టర్బో ఇరుసుకు ఎడతెగక నూనె అందాలి. ఇది అసాధ్యమని కాదు. 1987లో జపానులో సుజుకీ సంస్థ ఆల్టో వర్క్స్ అనే చిన్న కారుకు టర్బో అమర్చి, 543 సి.సి. ఇంజను నుండే 64 అశ్వశక్తి రాబట్టింది. మన మారుతి 800 తొలినాళ్లలో ఇచ్చినది నలభైకి లోపే. కాని ఆ 64 ఊహతో వచ్చినవి కావు, లెక్కతో వచ్చినవి.

ఒక షెడ్డులో ఉస్తాద్ మాకు ఒక పిస్టన్ చూపించారు. దాని నడినెత్తిన చిటికెన వేలు దూరేంత చిల్లి! ఎందుకిలా అయిందని అడిగాము. "ఇంజను తప్పేం లేదు బేటా. గాలి పెంచినం, పెట్రోలు పెంచలేదు. కొలవకుండ బిగించినం" అన్నారాయన. పాఠ్యగ్రంథంలో పది పుటలు చదివినా అంత స్పష్టంగా బోధపడేది కాదు. లారీ టర్బో ఇరుసును వేలితో కదిపి, అది పనికివచ్చేదో కాదో చెప్పగల ఆ చేతికి ఏ పట్టమూ లేదు. మైక్రోమీటరు గురించి పరీక్షలో రాయగల మాలో చాలామంది దాన్ని చేతపట్టి ఎరుగరు. విద్య ఇలా రెండు ముక్కలు కావడమే మా ఆవేదన.

ఈ గడ్డకు యంత్రం పరాయిది కాదు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పర్యవేక్షణలో మంజీర మీద నిజాంసాగర్ వెలసింది. ఆ నీటితో చెరకు పండింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం నెలకొన్నది. ఫిట్టరు, టర్నరు, వెల్డరు అన్న మాటలు ఇక్కడి ఇళ్లలో బంధువుల పేర్లంత సహజమయ్యాయి. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడింది. గొట్టం పొగ ఆగినా ఆ చేతుల విద్య షెడ్లలో ఇంకా మిగిలి ఉన్నది. ఈ తరం అందుకోకపోతే అదీ ఆరిపోతుంది.

మరొక మాట కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. ఇంట్లో నిర్మించిన ఇంజనును వీధిలో పరీక్షించడం సాహసం కాదు, అపరాధం. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను చెబుతున్నది. చట్టం మాట అటుంచినా, బడికి పోయే పిల్లవాడి ప్రాణం మన ముచ్చటకు మూల్యం కారాదు. ఇంజను స్థానం గట్టి ఇనుప స్టాండు మీద, గోడ చాటున.

కావున మా సూచన ఇది. ప్రతి కళాశాలలో ఒక పరీక్షాపీఠం ఉండాలి. ఒక పాత ఇంజను, ఒక ఫీలర్ గేజి, ఒక మైక్రోమీటరు, ఒక లెక్కల పుస్తకం చాలు. షెడ్డు ఉస్తాదులను గౌరవ వేతనంతో గురువులుగా పిలవాలి. వారి షాగిర్దులు, మన విద్యార్థులు ఒకే బల్ల చుట్టూ నిలవాలి. విద్యార్థులే కారు నిర్మించే ఫార్ములా స్టూడెంట్ పోటీల్లో ఇంజను 710 సి.సి. దాటరాదు, గాలి అంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే పోవాలి, అయినా టర్బో పెట్టుకోవచ్చు. అక్కడ పరుగుకే కాదు, దేన్ని ఎందుకలా చేశారో వివరించినందుకూ, ఖర్చు లెక్క చూపినందుకూ మార్కులున్నాయి. మనకు కావలసిన ఆదర్శం అదే.

విద్యుత్తు కార్లు వస్తున్న కాలంలో పెట్రోలు ఇంజను ఎందుకని కొందరు అడుగవచ్చు. ఇంజను మారవచ్చు, ఇనుము వేడికి వ్యాకోచించడం మారదు, కొలత తప్పితే యంత్రం క్షమించకపోవడం మారదు. వసారాలో చేతులు మసి చేసుకునే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీ ఉత్సాహాన్ని వదలకండి. కాని పానా పట్టే ముందు కలం పట్టండి, బిగించే ముందు కొలవండి. ఆ ఇంజను తొమ్మిది వేల చుట్లు తిరిగినా తిరగకపోయినా, కొలవడం నేర్చిన చేయి ఈ జిల్లాకు మిగులుతుంది.