ఎవరు పరిగెత్తమన్నారు?

ఆ మాట అన్నది నేనే. ముందే ఒప్పేసుకుంటే మిగిలింది రాయడం తేలిక.

కిందటి దీపావళికి వారం ముందు మా చెల్లెలు చిక్‌మగళూరు కాఫీ తోటల్లో జరిగే మల్నాడ్ అల్ట్రాలో 50 కిలోమీటర్లు పరిగెత్తింది. దానికి నలభై రెండేళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇంట్లో అత్తగారూ మావగారూ. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. అది దాటి ఎంత పరిగెత్తినా అల్ట్రా అనే అంటారట. మనకిక్కడ కాలవ గట్టు తప్ప ఎత్తన్నది తెలియదు గానీ, అక్కడ కొండ ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. తొమ్మిదిన్నర గంటలు పట్టింది. బెంగళూరులో రైలెక్కి నేరుగా పెనుగొండ వచ్చేసింది. అమ్మ నా దగ్గరే ఉంటుంది కాబట్టి దానికి పుట్టిల్లంటే మా ఇల్లే. మరిదిగారు పిల్లల్ని తీసుకుని పండక్కి వస్తామన్నారు.

వచ్చిన రోజు మా మేడ మెట్లు వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని దిగింది. ముందుకు దిగితే తొడలు పట్టు ఇవ్వడం లేదంది. రెండు కాలిగోళ్ళు నల్లగా కమిలిపోయాయి. పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. అంత అలిసిపోయిన మనిషికి పడుకోగానే నిద్ర పట్టాలి కదా, పట్టలేదు. అర్ధరాత్రి లేచి కూర్చుని కాళ్ళు నొక్కుకుంటుంటే అమ్మ కొబ్బరినూనె వెచ్చజేసి తెచ్చింది.

నాలుగో రోజున నేను పిండివంటల్లో ఉన్నాను. అరిసెల పాకం ఒక్కదాన్నీ చూసుకోలేక విసుగ్గా ఉంది. అది మంచం మీద కాళ్ళు గోడకి ఆనించి పడుకుని ఉంది. పక్కింటి పిన్నిగారు కూడా ఉన్నారు. "ఎవరు పరిగెత్తమన్నారే నిన్ను? అంత డబ్బు పోసి వెళ్ళింది మంచం ఎక్కడానికా?" అనేశాను. పిన్నిగారు నవ్వారు. అదీ నవ్వింది.

ఎనిమిదో రోజు తెల్లవారుజామున ఎవరికీ చెప్పకుండా బూట్లు వేసుకుని మార్టేరు వైపు వెళ్ళింది. రోడ్డు పక్కన అక్కడక్కడా ధాన్యం ఆరబోసి ఉందని కాలవ గట్టు ఎక్కిందట. పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తి వచ్చి, "చూశావా అక్కా, నేను బాగానే ఉన్నాను" అంది. మధ్యాహ్నానికి కుడికాలు కింద పెట్టలేకపోయింది. మోకాలికీ మడమకీ మధ్య ఎముక మీద ఒక్కచోట వేలు పెడితే కేక వేసింది. తణుకులో ఎముకల డాక్టరుగారికి చూపించి స్కాన్ తీయిస్తే, "విరగలేదు, విరగడానికి సిద్ధంగా ఉంది. ఆరు వారాలు పరుగు మాట ఎత్తకండి" అన్నారు.

తప్పంతా నాదేనని ఏడుపు మొహం పెట్టుకుని రాయడం లేదు. దాని తొందర దానికీ ఉంది. చేతికి కట్టుకున్న గడియారం "మీరు శిక్షణకు సిద్ధం" అని చూపించిందట. ఆ గడియారం గుండె వేగం, నిద్ర లెక్క చూసి ఆ మాట చెబుతుంది గానీ ఎముక లోపలికి తొంగి చూడలేదు కదా. గుండె, ఊపిరి ముందు తేరుకుంటాయి. కండరాల నొప్పి రెండో రోజు, మూడో రోజు ఎక్కువగా ఉండి, వారం పది రోజులకి తగ్గుతుంది. ఎముక దారి వేరు. దెబ్బతిన్న పాత ఎముకని శరీరం ముందు తవ్వి తీసేసి, తర్వాత కొత్తది పోసుకుంటూ వస్తుంది. ఇంటి గోడ మరమ్మతు లాంటిదే. పాత ఇటుకలు తీసి కొత్తవి ఇంకా పెట్టని రోజుల్లో గోడ ఎప్పటికన్నా బలహీనంగా ఉంటుంది. నొప్పి పోయిందని మనిషి అనుకునే రోజులూ అవే. అందుకే "ఇప్పుడు బాగానే ఉంది" అన్న మాటని నమ్మకూడదు.

అయినా ఎనిమిదో రోజునే బూట్లు వేసుకోవడానికి గడియారం ఒక్కటే కారణం కాదని నాకు తెలుసు, దానికీ తెలుసు.

మన ఇళ్ళల్లో విశ్రాంతి అంటే తెలియక కాదు. బాలింతకి మనం చేసేదేమిటి? పురిటి పదకొండు రోజులు, ఆ పైన నెల, మూడో నెల దాకా పుట్టింట్లో. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, మునగాకు, చేపలు తినేవాళ్ళయితే సొరపిట్టు. ఒంటికి నూనె, నడుముకి గుడ్డ. అందులో నీళ్ళు తాగనివ్వకపోవడం లాంటి మూర్ఖపు పనులూ ఉన్నాయి, వాటిని వెనకేసుకురాను. కానీ దాని వెనకున్న ఆలోచన మంచిది. ఒళ్ళు పెద్ద కష్టం దాటి వచ్చింది, పైకి కనిపించకపోయినా లోపల పచ్చిగా ఉంది, లేచి తిరుగుతున్నంత మాత్రాన పని చెప్పకూడదు అని. ఈ సంగతి డాక్టరు చెప్పకముందే మా అమ్మకి తెలుసు, వాళ్ళమ్మకీ తెలుసు. తెలిసినదాన్ని మా చెల్లెలి దగ్గర ఎందుకు వాడలేదు?

ఎందుకంటే అది సరదాకి చేసింది. బిడ్డ కోసం పడ్డ కష్టానికి విశ్రాంతి ఉంది, జబ్బుకి ఉంది. ఆడది తన ఇష్టం కొద్దీ, తన సంతోషానికి పడ్డ కష్టానికి లేదు. "నువ్వే తెచ్చుకున్నావు, నువ్వే పడు" అంటాం. పరిగెత్తినందుకు మెచ్చుకుంటాం, ఫోటో వాట్సాప్‌లో పెడతాం, మర్నాడు కాఫీ కలపమంటాం. ఇది మా ఇంట్లోనే జరిగిందనీ, నేనే చేశాననీ చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

మగవాళ్ళ దగ్గర ఈ ప్రశ్న రాదు. 2003లో వైఎస్ రాజశేఖరరెడ్డిగారు చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచినప్పుడు, మండుటెండల్లో మన రాజమండ్రి దగ్గరికి వచ్చేసరికి జబ్బుపడి కొన్ని రోజులు ఆగిపోయారు. తర్వాత లేచి మిగిలిన దారి నడిచారు. రాజకీయాలు పక్కన పెట్టండి. ఆయన్ని ఎవరైనా "ఎవరు నడవమన్నారు?" అని అడిగారా? ఆగడం కూడా ఆ నడకలో భాగమనే అందరూ అనుకున్నారు.

ఆడవాళ్ళ సంగతి చూడండి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ళకి 800 మీటర్ల పరుగు పెట్టారు. పరుగయ్యాక కొందరు ఆయాసంతో గట్టు మీద పడిపోయారు, ఎవరైనా పడతారు. పేపర్లవాళ్ళు దాన్ని గోరంతలు కొండంతలు చేసి రాశారు. ఆ పోటీని ఎత్తేశారు. మళ్ళీ 1960లో గానీ పెట్టలేదు. ముప్ఫై రెండేళ్ళు! దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ అని 90 కిలోమీటర్లకి అటూ ఇటూగా ఉండే పరుగు 1921 నుంచీ ఉంది. అందులో ఆడవాళ్ళకి లెక్కప్రకారం చోటిచ్చింది 1975లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ 1984లో. అలిసిపోయి కూర్చున్న ఆడమనిషిని చూడగానే "ఇది నీ వల్ల కాదు" అనడం పాత అలవాటన్నమాట. మా చెల్లెలు పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తి రుజువు చేయాలనుకున్నది దీనికి జవాబుగానే. కూర్చుంటే ఓడినట్టు లెక్క కట్టే ఇంట్లో ఎవరు మాత్రం కూర్చుంటారు?

ఎంతకాలం కూర్చోవాలి అంటే, పరుగువాళ్ళలో ఓ పాత లెక్క ఉంది. జాక్ ఫాస్టర్ అని న్యూజిలాండ్ ఆయన పేరు మీద చెబుతారు. పందెంలో ఎన్ని మైళ్ళు పరిగెత్తావో అన్ని రోజులు గట్టి సాధన జోలికి పోకూడదని. ఆయన ముప్ఫై దాటాక పరుగు మొదలుపెట్టి, 1974 కామన్‌వెల్త్ క్రీడల్లో నలభై ఒకటో ఏట మారథాన్ 2 గంటల 11 నిమిషాల 19 సెకన్లలో పరిగెత్తి వెండి పతకం తెచ్చుకున్నాడు. కాబట్టి వయసు మళ్ళిన కాళ్ళ గురించి తెలిసిన మనిషే. 50 కిలోమీటర్లంటే 31 మైళ్ళు, అంటే నెల. ఇది సైన్సు సూత్రమేమీ కాదు, కొందరికి ఎక్కువ పడుతుంది, కొందరికి తక్కువ. కానీ అమ్మకి చెబితే, "నెల్లాళ్ళేగా, నేను చెబితే వినలేదు, తెల్లవాడు చెబితే విన్నారు" అంది.

అలాగని మంచానికి కట్టేయమని కాదు. అమ్మ దాన్ని గుమ్మం దాటనివ్వకుండా చూసింది, అదీ తప్పే. మొదటి వారం మెల్లగా నడవడం మంచిది. కాళ్ళు బిగుసుకోవు. దానికి కావలసింది నడక, నిద్ర, తిండి. కష్టమల్లా ఈ తిండి దగ్గరే వచ్చింది. దీపావళి వెళ్ళగానే కార్తీకం. హైదరాబాద్ తిరిగి వెళ్ళాక, కాలు ఆ స్థితిలో ఉండగానే మా చెల్లెలు సోమవారాలు ఉపవాసం ఉంది! "అత్తయ్యగారు ఉంటున్నారు, నేను ఉండకపోతే బాగుండదు" అంది. ఆవిడ ఉండమనలేదు, నిజం చెప్పాలి. ఇదే మానేయమనలేదు. నేనూ భక్తి లేనిదాన్ని కాదు, వాసవీ అమ్మవారి ఊళ్ళో ఉంటూ కార్తీకమాసం గురించి తక్కువగా మాట్లాడను. కానీ పచ్చిగా ఉన్న ఎముకని చీకటి పడేదాకా పస్తు పెట్టమని ఏ దేవుడూ అడగడు. బాలింతకి ఉపవాసం లేదు, జబ్బుమనిషికి లేదు, ఇదీ ఆ వరసలోదే.

పరిగెత్తే మనిషికి ఖర్చయినంత తిండి అందకపోతే నెలసరి దారి తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి ఓ పేరు పెట్టి మరీ చెప్పింది, మగవాళ్ళకీ వస్తుందని కూడా చెప్పింది. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినే అలవాటున్న ఆడది పొద్దున్నే పదిహేను కిలోమీటర్లు పరిగెత్తడం మొదలుపెడితే, ఆ లోటు ఎక్కడ తేలుతుందో ఆలోచించండి. నేను ఆ తర్వాత చేసిన మంచి పనల్లా ఒక డబ్బా సున్నుండలు చేసి బస్సులో పంపడం. మినుములు, బెల్లం, నెయ్యి. రోజుకి రెండు, పిల్లలకి పెట్టకుండా నువ్వే తినాలని ఫోన్ చేసి చెప్పాను.

ఇంట్లోవాళ్ళు కనిపెట్టి ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి. పరుగు అయిన రోజు గానీ ఆ తర్వాత గానీ మూత్రం కషాయం రంగులో వస్తే, అసలు సరిగ్గా రాకపోతే ఇంట్లో కూర్చోకూడదు, ఆసుపత్రికి వెళ్ళాలి. దెబ్బతిన్న కండరంలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాల మీద పడుతుంది. నొప్పి మాత్రలు ఆ సమయంలో ఇంకా చేటు, పందెం మధ్యలో అయితే మరీనూ. పరుగులో ఉత్త మంచినీళ్ళు మితిమీరి తాగినా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి. ఒళ్ళంతా నొప్పి మామూలే. ఒక్కచోట, ఎముక మీద, రోజురోజుకీ పెరిగే నొప్పి మామూలు కాదు. ఇవి నాకు ముందు తెలిసి ఉంటే పాకం సంగతి తర్వాత చూసుకుని దాని కాలు చూసేదాన్ని.

ఆరు వారాల తర్వాత ధనుర్మాసంలో మళ్ళీ మొదలుపెట్టింది. నాలుగు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు, అలా అరగంట. రోజు విడిచి రోజు. తొమ్మిదిన్నర గంటలు పరిగెత్తిన మనిషికి ఒక్క నిమిషం పరుగు అంటే ఎంత చిన్నతనంగా ఉంటుందో! పార్కులో ముసలివాళ్ళు దాటి వెళ్ళిపోతున్నారక్కా అని ఫోన్‌లో ఏడ్చింది. నేను ఈసారి నోరు అదుపులో పెట్టుకుని, "దాటనీ" అన్నాను. సంక్రాంతికి వచ్చినప్పుడు అరగంట పూర్తిగా, ఆగకుండా పరిగెత్తింది. మా గట్టు మీదే. దూరం పెంచిన వారం వేగం పెంచదు, మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గిస్తుంది. ఎముక మీద వేలు పెట్టి నొక్కుకోవడం మాత్రం ఇప్పటికీ మానలేదు.

మరిదిగారిలో నాకు కనిపించిన మార్పు ఒకటుంది. ఆదివారం అది పొడుగు పరుగుకి వెళ్ళి వచ్చేసరికి పప్పు, అన్నం, గుడ్లు వండి ఉంచుతున్నారు. ఎవరూ చెప్పలేదట. మొదట్లో పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేవారు. పరిగెత్తినవాళ్ళకి ఉప్పు కావాలి కదా వదినా అని సమర్థించుకున్నారు.

నాలుగో నాటి మాట గురించి మా చెల్లెలితో ఇంతవరకూ మాట్లాడలేదు. ఇది రాశాక చదివి వినిపిద్దామని ఫోన్ చేశాను. ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ వచ్చింది: "పరుగులో ఉన్నాను, పద్నాలుగు అయ్యాయి, ఇంకో నాలుగు." కుడికాలి బొటనవేలి గోరు ఇంకా సగమే వచ్చింది.