బండి నడిపేవారికి ఫోన్ చేయొద్దు

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, అక్కడి నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల దాకా ఒక్కసారి ప్రయాణం చేస్తే చాలు. సిమెంటు లారీలు, ఆర్టీపీపీ థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద మోసే టిప్పర్లు, కూలీలతో కిక్కిరిసిన ఆటోలు, చీనీకాయల బండ్లు, స్కూలు బస్సులు అన్నీ ఆ రోడ్ల మీదే. వాటిని నడిపేవారి చెవి దగ్గర ఫోన్ కనబడితే ఇప్పుడెవరికీ భయం వేయడం లేదు. హెల్మెట్ సందున ఫోన్ దోపుకుని మాట్లాడుతూ పోయే కుర్రాళ్లను చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాం. ఇక ఊరుకోకూడదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఫోన్ ఎవరిదో చూద్దామని అయిదు సెకన్లు తల వంచితే 80 మీటర్లకు పైగా రోడ్డు చూడకుండానే దాటిపోతుంది. రోడ్డు దాటే గొర్రెల మంద గానీ, లైట్లు లేకుండా నిలిపిన ట్రాక్టరు గానీ ఎదురవడానికి అంత దూరం అక్కర్లేదు. చెవిలో బ్లూటూత్ ఉందిగా అనే సమర్థన చెల్లదు. టొరంటో డ్రైవర్ల ఫోన్ రికార్డులు పరిశీలించి 1997లో వెలువరించిన అధ్యయనం, మాట్లాడే సమయంలో ప్రమాద ముప్పు నాలుగు రెట్లు పెరుగుతోందని, చేత్తో పట్టుకోని ఫోన్లతోనూ ముప్పు తగ్గలేదని తేల్చింది. చేతులు ఖాళీగా ఉన్నా మనసు మాటల్లోనే ఉంటుంది మరి.

చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ఫోన్ చేతబట్టి బండి నడిపితే మొదటిసారి రూ.1,000 నుంచి రూ.5,000 దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. హెల్మెట్ల కోసం నిలబడే పోలీసులు దీనిమీదా అంతే పట్టుదల చూపాలి.

అయితే జరిమానా కట్టేది డ్రైవరు ఒక్కడే. ‘లోడు యాడికొచ్చింది?’ అని పది నిమిషాలకోసారి ఫోన్ చేసే యజమానిని ఎవరూ అడగడం లేదు. ట్రిప్పుల లెక్కన బతికే డ్రైవరు ఓనరు ఫోన్ ఎత్తకుండా ఎలా ఉంటాడు? ఎత్తకపోతే రేపు పని ఉంటుందో లేదో. బండి ఎక్కడుందో తెలుసుకోవడానికి జీపీఎస్ ఉంది. బండి కదులుతుండగా డ్రైవరుకు ఫోన్ చేయడాన్ని సిమెంటు కంపెనీలు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు నిషేధించాలి. ఒత్తిడి పెట్టిన యజమానిని కూడా కేసులో చేర్చాలి.

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర స్కూలు బస్సును రైలు ఢీకొట్టి పదిహేను మందికి పైగా పిల్లలు పోయినప్పుడు, డ్రైవరు ఫోన్‌లో మాట్లాడుతున్నాడన్న మాటే అంతటా వినిపించింది. తెలంగాణ ఆర్టీసీ 2025 సెప్టెంబరు నుంచి 11 డిపోల్లో డ్యూటీ ఎక్కే డ్రైవర్ల ఫోన్లను డిపోలోనే ఉంచే పద్ధతి ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల డిపోల్లోనూ, ప్రతి స్కూలు బస్సులోనూ ఇదే పద్ధతి రావాలి. అత్యవసరమైతే కండక్టరుకో ఆయాకో ఫోన్ చేయవచ్చు.

పాఠకులకు మా విన్నపం ఒకటే. అవతలి మనిషి బండి మీదున్నారని తెలిస్తే ఆ క్షణమే ఫోన్ పెట్టేయండి. మీరెక్కిన ఆటో డ్రైవరు ఫోన్ ఎత్తితే గట్టిగా ఆపమనండి. వినకపోతే దిగిపోండి.