వడ్డీ మానరాదు, అసలింకను తీరలేదు

గత వారము మా దుకాణమునకు వచ్చిన ఒక పెద్దమనిషి, ప్రక్కన ఎవ్వరును లేని సమయము చూచి, "షావుకారుగారూ, ఎయిడ్స్‌కు మందు కనిపెట్టినారట. మా వాడు ఇక మాత్రలు మానవచ్చునా?" అని మెల్లగా అడిగిరి. ఇట్టి ప్రశ్న మన క్యాంపులలో మరికొన్ని యిండ్లలోను గుసగుసగా సాగుచున్నదని మేమెరుగుదుము. కావున దీనికి బహిరంగముగనే సమాధానము చెప్పుట మంచిదని తలంచితిమి.

ఆ వార్తలో సత్యము లేకపోలేదు. హెచ్.ఐ.వి. క్రిమి రక్తములోని కొన్ని తెల్లకణములలో చేరి చప్పుడు లేక నిద్రించును. మాత్రలు పెరుగుచున్న క్రిమిని అణచునుగాని, నిద్రించు దానిని తాకజాలవు. వర్తకుల మాటలో చెప్పవలెనన్న మాత్ర వడ్డీ వంటిది, దాగిన క్రిమి అసలు వంటిది. వడ్డీ సక్రమముగా చెల్లించినంత కాలము ఋణదాత గడప తొక్కడు. మానినచో సాధారణముగా కొలది వారములలోనే వచ్చి కూర్చుండును.

2025లో మెల్బోర్న్ నగరమందలి పీటర్ డోహర్టీ సంస్థ శాస్త్రజ్ఞులు, కంటికి కానరాని క్రొవ్వు బుడగలలో ఎమ్.ఆర్.ఎన్.ఏ. అను సందేశమునుంచి, ఆ నిద్రించు కణములలోనికి పంపగలిగిరి. కొన్ని కోవిడ్ టీకాలలో వాడినవియు ఇట్టి నానోకణములే. ఆ పాత కూర్పును నిద్రించు కణములు స్వీకరింపలేదు. క్రొత్త కూర్పును స్వీకరించినవి. సందేశమందగా దాగిన క్రిమి బయటపడినది. అయితే ఇదంతయు రోగుల రక్తము నుండి తీసిన కణములపై ప్రయోగశాలలో జరిగినది. బయటపడిన క్రిమిని శరీరము తుదముట్టించునా యనునది ఇంకను తేలవలసియున్నది. కావున ఇది ఆశయే గాని, నేటికి మందు కాదు.

నేటికి ముఖ్యముగా వాడుకలోనున్న మందు మాత్రయే. 2001లో సిప్లా కంపెనీ దినమునకు ఒక డాలరుకన్న తక్కువ ధరకు ఈ మందుల నిచ్చెదమని ప్రకటించి లోకమును ఆశ్చర్యపరచెను. 2004 ఏప్రిల్ 1 నుండి మన ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. మన హైదరాబాదు కర్మాగారములలో తయారగు మందులు ఆఫ్రికా దేశములకును పోవుచున్నవి. క్రమము తప్పక మాత్ర వాడి, రక్తములో క్రిమి పరీక్షకు అందనంత తగ్గి అట్లే నిలిచిన వ్యక్తి నుండి దాంపత్యమున వ్యాధి సోకదు. ఇంత మేలును ఒక వదంతికి బలి యీయరాదు.

ఇక మన కర్తవ్యము. తుంగభద్ర కాలువ వెంట వచ్చిన మన పెద్దలు ఒకరి భుజమొకరు పట్టుకొని ఈ నల్లరేగడిలో వరి పండించిరి. ఆ పెద్దల సంతతి నేడు ఒక యింటిని చాటుగా వేలెత్తి చూపుట తగునా? 2017 నాటి చట్టము ఇట్టి వివక్షను నిషేధించినది. చట్టమునకు ముందే మన మర్యాద నిషేధింపవలదా?

మరియొక మాట. కన్నడము మనకు అన్నము పెట్టిన గడ్డ భాష. మన పిల్లలు దానిని చక్కగా చదువుచున్నారు. కాని మన యిండ్లలోని వృద్ధమాతలలో మందుల సూచనలను కన్నడమున చదువలేనివారు కలరు. వారికి తెలుగు కరపత్రము కావలెనని మన సంఘము అధికారులను వినయముగా కోరవలెను. అది వచ్చువరకు చదివి చెప్పు యువకులు ముందుకు రావలెను. రహస్యము కాపాడువారే రావలెను. సందేహమున్నవారు 1097 నంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

ఆ పెద్దమనిషికి మేము చెప్పినదిదియే: అసలు తీరు దినము వచ్చును గాక, అంతవరకు వడ్డీ మానవలదు.